వరుసలో చదవాల్సిన అంకె

రిపోర్టులో దానికి ఉండేది ఒకటే వరుస. ఎడమ పక్క ‘సీఏ-125’, మధ్యలో ఒక అంకె, కుడి పక్క ‘35 లోపు మామూలు’. భువనగిరిలోనో ఆలేరులోనో మోత్కూరులోనో తీసిన రక్తం హైదరాబాదు ల్యాబుకు చేరి, ఫలితం ఫోనుకు తిరిగొచ్చేసరికి ఇంటిల్లిపాది చూపూ ఆ అంకె మీదే. 35 దాటితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. 35 లోపుంటే గండం గట్టెక్కినట్టే లెక్క. రెండూ తొందరపాటే. అండాశయ క్యాన్సర్ కోసం చేసే ఈ రక్తపరీక్ష నలభై ఏళ్లకు పైగా వాడుకలో ఉంది. ఇంత నేర్పుగా కట్టిన పరీక్షలు కొన్నే ఉంటాయి. ఇంతగా అపార్థం చేసుకున్నవీ కొన్నే. దీన్ని ఎట్లా కట్టారో తెలిస్తే ఎట్లా చదవాలో కూడా తెలుస్తుంది.

ముందు జబ్బు సంగతి. మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము, గర్భాశయ ముఖద్వారం తర్వాతి స్థానం అండాశయానిదే. 2022 అంచనా ప్రకారం ఏటా సుమారు 47 వేల మందిలో కొత్తగా బయటపడుతోంది. అండాశయాలు పొత్తికడుపు లోతున ఉంటాయి. తొలిదశలో చేతికి తగిలే గడ్డ గానీ, కంటికి కనిపించే పుండు గానీ ఉండదు. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలు తినగానే నిండిపోయినట్టు ఉండటం, నడుం నొప్పి, మాటిమాటికీ మూత్రానికి పోవాల్సి రావడం, ఇవే సూచనలు. వీటన్నిటికీ మన దగ్గర పెట్టే పేరు ‘గ్యాస్’. గ్యాస్ గోలీలతో నెలలు గడిచి, కడుపులో నీరు చేరాక అసలు సంగతి తేలుతుంది. చాలామందిలో అప్పటికే జబ్బు మూడో దశకు చేరి ఉంటుంది. కంటికీ చేతికీ అందనిదాన్ని రక్తంలో పట్టుకోవాలన్న పట్టుదల అందుకే.

ఆ పట్టుదల మూలాలు వెతుక్కుంటూ పోతే ఒక తెలుగువాడు కనిపిస్తాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే వైద్యులు కోరియోకార్సినోమాకు వాడారు. మాయ కణాల నుంచి పుట్టే ఆ క్యాన్సర్ హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను వదులుతుంది. ఎక్స్‌రేలో గడ్డలు మాయమైనా, మూత్రంలో ఆ హార్మోన్ జాడ మిగిలి ఉందంటే జబ్బూ మిగిలి ఉన్నట్టేనని లీ పట్టుబట్టారు. జాడ పూర్తిగా పోయేదాకా మందు ఆపలేదు. అనవసరంగా విషం ఎక్కిస్తున్నాడని ఆయన ఉద్యోగం పోయింది. జాడ పోయేదాకా మందు పడినవాళ్లే జబ్బు తిరగబెట్టకుండా బతికారని తర్వాత తేలింది. 1972లో లాస్కర్ పురస్కారం పొందినవాళ్లలో లీ ఒకరు.

కణితి వదిలే పదార్థాన్ని కొలుస్తూ వైద్యం నడపవచ్చని ప్రపంచం నేర్చుకున్నది అక్కడే. అయితే అండాశయ క్యాన్సర్లలో ఎక్కువ భాగానికి హెచ్‌సీజీ లాంటి హార్మోన్ ఏదీ లేదు. వాటి జాడ పట్టుకోవడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. అది దొరికిందీ బోస్టన్‌లోనే, ఫార్బర్ పేరు పెట్టుకున్న క్యాన్సర్ సంస్థలోనే.

అక్కడి రాబర్ట్ బాస్ట్, రాబర్ట్ నాప్ బృందం చేతికి అప్పుడే ఒక కొత్త పనిముట్టు వచ్చింది. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టిన హైబ్రిడోమా పద్ధతి అది. యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్ని, ఎన్నటికీ చావని మైలోమా కణంతో కలిపితే, ఒకే రకం యాంటీబాడీని ఎంతకాలమైనా ఇచ్చే కణం పుడుతుంది. బాస్ట్ బృందం ఒక రోగి నుంచి తీసి ల్యాబులో పెంచిన అండాశయ క్యాన్సర్ కణాలను ఎలుకలకు ఎక్కించింది. వాటి నుంచి వచ్చిన యాంటీబాడీలను ఒక్కొక్కటే పరీక్షకు పెట్టింది. క్యాన్సర్ కణాన్ని పట్టాలి, మామూలు అండాశయాన్ని వదిలెయ్యాలి. ఒకటి వచ్చింది, నిలబడలేదు, పక్కన పెట్టారు. పది వచ్చాయి, పనికి రాలేదు. వంద దాటాక, 125వది నిలబడింది. ఆ యాంటీబాడీకి ఓసీ125 అని, అది పట్టుకునే పదార్థానికి సీఏ-125 అని పేరు స్థిరపడింది. 1981లో ఆ సంగతి ప్రచురించారు.

పట్టుకున్నది ఏమిటో మాత్రం మరో ఇరవై ఏళ్లదాకా తెలియలేదు. 2001లో దాని జన్యువును గుర్తించాక అది మ్యూసిన్-16 అనే భారీ ప్రోటీన్ అని తేలింది. మామూలు ప్రోటీన్‌లో కొన్ని వందల అమైనో ఆమ్లాలు ఉంటాయి. ఇందులో దాదాపు 22 వేలు. 156 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి 60 సార్లకు పైగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఒంట్లో తడిగా, నునుపుగా ఉండాల్సిన పొరల మీద దీనికి పని. కంటి పైపొర, గాలిగొట్టాల లోపలి పొర, ఊపిరితిత్తులనూ గుండెనూ చుట్టిన పొరలు, గర్భాశయం లోపలి పొర, పేగులన్నిటినీ కప్పి ఉంచే పెరిటోనియం, అన్నిచోట్లా ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయే చిక్కులన్నీ వాటంతటవే విడిపోతాయి. సీఏ-125 క్యాన్సర్ సొంత సొత్తు కాదు. ఆ పొరలకు ఎక్కడ ఒరిపిడి తగిలినా అది రక్తంలోకి రాలుతుంది.

ఇక పరీక్ష లోపలికి పోదాం. శాంపిల్ కౌంటర్ దగ్గర మాటలు ఇట్లా ఉంటాయి.

“పరగడుపున రావాల్నా సారూ?”

“అక్కర్లేదమ్మా, తినొచ్చినా ఏం గాదు. జుట్టు రాలుతుందని గోలీలు ఏమన్న ఏస్కుంటున్నవా?”

“మా బిడ్డ తెచ్చింది, వారం సంది ఏస్కుంటున్న.”

“ఆ డబ్బా పేరు చెప్పు, రాసుకుంట. మళ్లసారి వచ్చినప్పుడు రెండు మూడు దినాల ముంగట్నే బంద్ చెయ్యి.”

జుట్టు గోలీల గురించి అడగడంలోనే ఆ టెక్నీషియన్ ఎంత పనిమంతుడో తెలుస్తుంది. వాటిలో బయోటిన్ ఉంటుంది. కొన్ని కంపెనీల యంత్రాలు యాంటీబాడీని అంటించుకోవడానికి బయోటిన్‌నే వాడతాయి. రక్తంలో అది ఎక్కువైతే అసలు పట్టుకు అడ్డం తగిలి, సీఏ-125 ఉన్నదానికన్నా తక్కువ చూపించవచ్చు.

రక్తం పసుపు మూత గొట్టంలోకి పోతుంది. అరగంట సేపు గడ్డకట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. అడుగున ఎర్రటి గడ్డ, మధ్యన జెల్ పొర, పైన లేత గడ్డిరంగు సీరం. యంత్రం అందులోంచి తీసుకునేది కొన్ని మైక్రోలీటర్లే, ఒక చుక్కలో చిన్న భాగం. ఒక రకం యంత్రంలో పని ఇట్లా సాగుతుంది. ఓసీ125 యాంటీబాడీలు పూసిన అయస్కాంత రేణువులు సీరంలో కలుస్తాయి. ఎక్కడ సీఏ-125 ఉంటే అక్కడ అతుక్కుంటాయి. పక్కనున్న అయస్కాంతం ఆ రేణువులను గొట్టం గోడకు లాగి పట్టుకుంటుంది. మిగతాదంతా కడిగి పారబోస్తారు. అప్పుడు ఎం11 అనే రెండో యాంటీబాడీని వదులుతారు. అదే అణువును మరో చోట పట్టుకునే యాంటీబాడీ ఇది. దీని వెంట వెలుగునిచ్చే అక్రిడినియం ఉంటుంది. మళ్లీ కడుగుతారు. చివర్లో రెండు ద్రావణాలు పడగానే క్షణకాలం వెలుగు పుడుతుంది. ఎంత వెలుగో అంత సీఏ-125. అరగంటలోపే ఇదంతా అయిపోతుంది.

ఇందులో ఏ అంచె చూసినా దాని వెనక ఒక కారణం ఉంది. 1983లో వచ్చిన తొలి పరీక్షలో రెండు వైపులా ఓసీ125 ఒక్కటే. ముక్క మళ్లీ మళ్లీ వచ్చే అణువు కనుక అట్లా కూడా కుదిరింది. తర్వాత 1990లలో ఎం11 వచ్చి, రెండు వేర్వేరు చోట్ల పట్టుకునే రెండో తరం పరీక్ష తయారైంది. రీడింగుల్లో నిలకడ పెరిగింది. మధ్యలో కడగడం ఎందుకంటే, జబ్బు ముదిరి సీఏ-125 వేలల్లో ఉన్నప్పుడు, యాంటీబాడీలన్నీ ఒకేసారి పోస్తే అవి విడివిడిగా నిండిపోయి జంట కుదరదు, అంకె తప్పుగా తగ్గిపోతుంది. ముందు పట్టు, తర్వాత కడుగు, ఆ తర్వాతే రెండోది. కొందరి రక్తంలో ఎలుక యాంటీబాడీలకు అంటుకునే గుణమున్న పదార్థాలు ఉంటాయి. సీఏ-125 లేకపోయినా అవి రెండింటినీ కలిపేసి అంకెను పెంచేస్తాయి. వాటిని ముందే నింపేయడానికి కిట్‌లో మామూలు ఎలుక ప్రోటీన్ కలుపుతారు. పొద్దున్నే తెలిసిన విలువ ఉన్న కంట్రోల్ శాంపిళ్లు నడిపి, గీసుకున్న గీతల మధ్య రీడింగు వచ్చేదాకా రోగుల శాంపిళ్లు ముట్టుకోరు. అయినా ఒక కొరత మిగిలే ఉంది. సీఏ-125కి ప్రపంచమంతా ఒప్పుకున్న కొలబద్ద లేదు. యూనిట్ అనేది మొదటి ల్యాబులో పెట్టుకున్న లెక్క. అందుకే ఒక కంపెనీ యంత్రంలో 60 వచ్చిన రక్తానికే ఇంకో యంత్రంలో 60 రావాలని లేదు.

మరి ఆ 35 ఎక్కడిది? 1983లో బాస్ట్ బృందం 888 మంది ఆరోగ్యవంతుల రక్తం పరీక్షించింది. వాళ్లలో 35 దాటినవాళ్లు 1 శాతమే. అండాశయ క్యాన్సర్ ఉన్న 101 మందిలో మాత్రం 82 శాతం దాటారు. గీత అక్కడ గీసుకున్నారు. అది ప్రకృతి పెట్టిన హద్దు కాదు, అటూ ఇటూ చూసి మనిషి ఎంచుకున్న అంకె. అదే పరిశోధనలో అంతకన్నా విలువైన మాట ఒకటుంది. వైద్యం జరుగుతున్నవాళ్లలో రీడింగులు మళ్లీ మళ్లీ తీసి చూస్తే, 45 సందర్భాల్లో 42 సార్లు అంకె పెరగడం తగ్గడం జబ్బు పెరగడం తగ్గడంతో సరిపోయింది. ఈ పరీక్ష ఎందుకు పుట్టిందో మొదటి రోజే తెలిసిందన్నమాట. జనం మాత్రం 35ను పట్టుకున్నారు.

35తో చిక్కు రెండు వైపులా ఉంది. మొదటి దశ అండాశయ క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ అంకె పెరగనే పెరగదు. ఇంకోవైపు క్యాన్సర్ లేకుండానే పెరిగే సందర్భాలు బోలెడు. ముట్టు రోజులు, గర్భం, ఫైబ్రాయిడ్లు, ఎండోమెట్రియోసిస్, కాలేయం చెడి కడుపులో నీరు చేరడం, గుండె బలహీనపడటం, అన్నిటిలోనూ పెరగవచ్చు. మన ప్రాంతంలో వీటన్నిటికన్నా తికమక పెట్టేది కడుపు టీబీ. పెరిటోనియానికి టీబీ పట్టిన మనిషి కూడా కడుపు నిండా నీటితో, ఆకలి లేక, చిక్కిపోయి వస్తుంది. సీఏ-125 వందల్లో ఉంటుంది. స్కానింగులో కూడా క్యాన్సర్‌లాగే అనిపించవచ్చు. ఇంట్లోవాళ్లు ఆశ వదులుకుంటారు. కడుపు నీటిని పరీక్షకు పంపి, ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే క్షయ అని తేలుతుంది. టీబీ మందులు పడ్డాక నెలల్లో ఆ అంకె దానంతటదే దిగొస్తుంది. ముక్క పరీక్ష లేకుండా అంకె చూసి తీర్పు చెప్పకూడదని డాక్టర్లు అనేది ఊరికే కాదు.

ఒంటరి అంకెకు తోడు కావాలని 1990లో లండన్‌లో ఇయాన్ జేకబ్స్ బృందం ఒక లెక్క కట్టింది. చూడటానికి మూడో తరగతి గుణకారమే. అల్ట్రాసౌండ్‌లో గదులు గదులుగా ఉన్న గడ్డ, గట్టి భాగాలు, రెండు వైపులా ఉండటం, నీరు, వేరేచోటికి పాకిన జాడ, ఇవేవీ లేకపోతే 0, ఒకటుంటే 1, రెండు అంతకుమించి ఉంటే 3. ముట్లు ఆగకపోతే 1, ఆగిపోతే 3. ఈ రెంటినీ సీఏ-125తో గుణించాలి. 200 దాటితే క్యాన్సర్ సర్జన్ చూడాల్సిన కేసు. 32 ఏళ్ల అమ్మాయికి గదుల గడ్డ ఒక్కటే ఉండి సీఏ-125 విలువ 90 అనుకుందాం. 1, 1, 90 గుణిస్తే 90. అదే 90 అంకె, 58 ఏళ్ల ఆమెకు గట్టి గడ్డ, నీరు రెండూ ఉంటే? 3, 3, 90 గుణిస్తే 810. రక్తంలో ఒకే అంకె, దారులు రెండు. జిల్లా ఆసుపత్రిలో స్కానింగు, రక్తపరీక్ష, ఒక పెన్ను ఉంటే చాలు, ఎవరిని ఈ పూటే హైదరాబాదు పంపాలో చెప్పవచ్చు. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేసే లెక్క వైద్యంలో అరుదు.

తర్వాత హెచ్‌ఈ4 అనే ఇంకో మార్కర్ తోడైంది. ఎండోమెట్రియోసిస్‌లో అది సాధారణంగా పెరగదు, అక్కడ సీఏ-125 తడబాటును సరిదిద్దుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మాత్రం అదీ పెరుగుతుంది. రెండింటినీ కలిపి లెక్కగట్టే పద్ధతికి రోమా అని పేరు. పడుచు పిల్లల్లో వచ్చే అండాశయ కణితుల దారి వేరు. వాటికి ఏఎఫ్‌పీ, ఎల్‌డీహెచ్, లీ వెంటాడిన ఆ హెచ్‌సీజీ చూస్తారు. గ్రాన్యులోసా కణితికి ఇన్‌హిబిన్. సీఈఏ కూడా బాగా పెరిగి ఉంటే, జబ్బు పేగుల్లో పుట్టి అండాశయానికి పాకిందేమోనని అనుమానిస్తారు.

ఇంత మంచి పరీక్షను ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లందరికీ ఏటా చేస్తే ముందే పట్టుకోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. దానికి జవాబు వెతకడంలో చూపిన ఓపిక కూడా ఈ పనితనంలో భాగమే. అమెరికాలో 78,216 మందితో చేసిన అధ్యయనం 2011లో ఫలితం చెప్పింది. మరణాలు తగ్గలేదు. పైగా క్యాన్సర్ లేకుండానే 3,285 మందికి పరీక్ష ‘ఉంది’ అని చూపింది, వాళ్లలో 1,080 మందికి ఆపరేషన్ కూడా జరిగింది. బ్రిటన్‌లో 2001 నుంచి 2005 మధ్య ముట్లు ఆగిన 2,02,638 మందిని చేర్చుకున్నారు. అక్కడ 35 గీతను పక్కనపెట్టి, ఏ మనిషికి ఆ మనిషి పాత రీడింగులతోనే పోల్చే లెక్క వాడారు. తొలి రెండు దశల్లో దొరికినవి 39 శాతం పెరిగాయి, ముదిరిన దశల్లో దొరికినవి 10 శాతం తగ్గాయి. అంతా బాగుందనే అనిపించింది. 2021లో చివరి లెక్క తేలేసరికి చావులు మాత్రం తగ్గలేదు. ముందే దొరకడం వేరు, ముందే దొరికినందువల్ల బతకడం వేరు. ఆ తేడా తెలియడానికి రెండు లక్షల మంది, ఇరవై ఏళ్లు కావాల్సి వచ్చింది.

పరీక్ష అసలు సత్తా రోగం తేలాక కనిపిస్తుంది. భువనగిరి జిల్లాలోనే ఉన్న పోచంపల్లిలో ఇక్కత్ నేసేవాళ్లు నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్దుతారు. పోగు ఒక్కటే తీసి చూస్తే అక్కడో చుక్క, ఇక్కడో మరక. పోగు పక్కన పోగు పడితేనే మగ్గం మీద చిలక తేలుతుంది. సీఏ-125 రీడింగులదీ అదే తీరు. ఒక వరుసను ఊహించుకుందాం. కీమో మొదలుపెట్టే రోజు 780. మూడు వారాలకోసారి తీస్తే 310, 96, 28, 14. ఎక్కడా క్యాన్సర్ పేరు రాయకుండానే ఈ వరుస ‘మందు పట్టింది’ అని చెబుతోంది. ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. మొదటి 100 రోజుల్లో కనీసం మూడు రీడింగులుంటే, దిగే వేగాన్ని బట్టి కీమోకు ఆ కణితి ఎంత లొంగుతుందో అంచనా కట్టే ‘కెలిమ్’ లెక్క తయారుచేశారు. ఆపరేషన్ అయిన కొత్తలో మాత్రం అంకె పెరిగి కనిపిస్తే బెదరొద్దు. కడుపు కోస్తే పెరిటోనియానికి తగిలే దెబ్బకే కొన్ని వారాలు పెరుగుతుంది.

వైద్యం పూర్తయి ఏడాది గడిచింది. 11, 13, 12. ఆ తర్వాత 18, 24, 31. రిపోర్టులో ఎక్కడా ఎర్ర గీత లేదు, అన్నీ 35 లోపే. అయినా వరుస చదివే డాక్టర్ కనుబొమ్మ పైకి లేస్తుంది. గీత చదివేవాళ్లకు కనిపించనిది ఇదే. అట్లాగని వెంటనే కీమో మొదలుపెట్టరు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, ఒకసారి మామూలుకు వచ్చినవాళ్లలో అంకె 70కి చేరి, కనీసం వారం తేడాతో మళ్లీ తీసినా అంతే ఉంటేనే జబ్బు తిరిగొచ్చినట్టు లెక్క. ఇంకో పాఠం 2010లో వచ్చింది. 529 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అంకె పెరగగానే, రెండో జట్టుకు బాధలు మొదలయ్యాకే కీమో ఇచ్చారు. మొదటి జట్టు 4.8 నెలలు ముందు మొదలుపెట్టింది. బతికిన కాలంలో తేడా రాలేదు, సుఖంగా గడిపిన రోజులు మాత్రం తగ్గాయి. తర్వాత కొత్త మందులు, తిరిగొచ్చిన జబ్బుకు మెరుగైన ఆపరేషన్లు వచ్చాయి కనుక ఆ ఫలితాన్ని ఇవాళ ఉన్నదున్నట్టు వాడరు. కానీ ప్రతి నెలా పరీక్ష చేయించి, నెలంతా దిగులుతో గడపాల్సిన పని లేదని, ఎంతకాలానికోసారి తీయాలో డాక్టరుతో కూర్చుని తేల్చుకోవచ్చని ధైర్యం ఇచ్చింది.

భువనగిరి వైపు వాళ్లకు ఇప్పుడు దారి దూరం కాదు. హైదరాబాదు పోయే దారిలోనే బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, అక్కడ 2019లో తొలి ఎంబీబీఎస్ తరగతులు మొదలయ్యాయి. నగరంలో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది. ఎక్కడ చూపించుకున్నా పనికొచ్చే జాగ్రత్తలు కొన్నే. రీడింగులన్నీ ఒకే ల్యాబులో తీయించాలి. తేదీలతో సహా కాగితాలు ఒకే ఫైల్లో వరుసగా ఉంచాలి. ల్యాబు మార్చక తప్పకపోతే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. తల్లికో అక్కచెల్లెళ్లకో అండాశయ, రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఇళ్లలో సీఏ-125 కన్నా ముందు అడగాల్సింది బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి. ఏ బాధా లేని మనిషి హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఉంది కదా అని ఈ పరీక్ష చేయించుకోనక్కర్లేదు. యాభై దాటిన మనిషికి కడుపు ఉబ్బరం రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మాత్రం, గ్యాస్ గోలీ ఇంకో పట్టీ కొనేముందు స్కానింగు, సీఏ-125 రెండూ చేయించుకోవాలి.